నీలం మంట రాకముందు

కాన్సాస్‌లో ఒక ఆదివారం సంతలో, తుప్పుపట్టిన రెంచీల పక్కన జానెడు పొడవు అల్యూమినియం గొట్టం ఒకటి కనబడింది. విడదీస్తే రెండు గిన్నెలయ్యాయి. లోపల మడతకాళ్ళ బుల్లి స్టవ్. దాని మీద యు.ఎస్. అనీ, 1944 అనీ కొట్టిన ముద్ర. బేరం ఆడలేదు. ఒకసారి పట్టుకున్నాక చేతిలోంచి దింపబుద్ధి కాలేదు.

అది కోల్‌మన్ 520. అమెరికన్ సైనికులు జీఐ పాకెట్ స్టవ్ అనేవాళ్ళు. 1942లో సైన్యం అదే కాన్సాస్‌లోని విచిటాలో ఉన్న కోల్‌మన్ కంపెనీని పిలిచి ఏమేం కావాలందో తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు ఝల్లుమంటుంది. పాలసీసా కంటే పెద్దది కాకూడదు. ఏ పెట్రోలు దొరికితే దానితో మండాలి. సున్నాకు 50 డిగ్రీల దిగువన గడ్డకట్టే చలిలోనూ వెలగాలి, 50 డిగ్రీల ఎడారి ఎండలోనూ వెలగాలి. 60 రోజుల్లో ఆ పని అయింది. ఆ నవంబరులో ఉత్తర ఆఫ్రికా తీరాన దిగిన దళాలతో పాటు 5,000 స్టవ్‌లు దిగాయి. యుద్ధం ముగిసేసరికి 10 లక్షలు దాటాయి. సైనికుల మధ్య తిరుగుతూ వార్తలు పంపిన ఎర్నీ పైల్, ఆయుధాలు కాని సామాన్లలో జీప్ సరసన ఈ స్టవ్‌ను నిలబెట్టాడు. తడిసిన బూట్లతో గుంటలో కూర్చుని చల్లటి డబ్బా తిండి తినేవాడికి వేడి కాఫీ అంటే ఏమిటో, వాళ్ళ పక్కన పడుకుని చూసిన మనిషి మాట అది. నేను నమ్ముతాను.

ఇంటికి తెచ్చి పంపు కొట్టాను. గాలి పట్టలేదు. కారణం వెతుక్కోనక్కర్లేకపోయింది. తెనాలిలో మా వంటింటి పంపు స్టవ్ ఇలా మొరాయించినప్పుడల్లా నాన్న కడ్డీ ఊడదీసి, ఎండి బిరుసెక్కిన తోలు వాషరును చిన్న గిన్నెలో ఆముదం పోసి నానేసేవారు. పొద్దున్నకల్లా అది మెత్తబడి, విచ్చుకుని, గొట్టం గోడకు బిగుతుగా ఆనుకునేది. నేనూ అదే చేశాను. ఆముదం మన ఇండియన్ కొట్టులోనే దొరికింది. యుద్ధంనాటి తోలు ఒక్క రాత్రిలో పనికొచ్చింది. మర్నాడు వాకిట్లో వెలిగిస్తే మంట మొదట పచ్చగా, పొడుగ్గా ఊగిసలాడింది. గొట్టం వేడెక్కేకొద్దీ పొట్టిదై, నీలమై, బుసకొట్టడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు విని నలభై ఏళ్ళయింది.

మా ఇంట్లో ఏ కంపెనీది కొన్నా ప్రైమస్ అనే పిలిచేవారు. ఆ ప్రైమస్‌ను 1892లో స్టాక్‌హోంలో ఫ్రాన్స్ లిండ్‌క్విస్ట్ చేశాడు. వత్తి తీసేశాడు. కిరసనాయిలును గాలి ఒత్తిడితో పైకి తోసి, కాలిన బర్నరులో ఆవిరి చేసి, సూదిమొన పట్టేంత కన్నంలోంచి వదిలాడు. మసి పోయింది, వేడి పెరిగింది. 1897లో ఉత్తర ధ్రువానికి బెలూనులో బయలుదేరిన స్వీడన్ వాళ్ళు ముగ్గురు తిరిగి రాలేదు. 1930లో ఒక మంచుదీవిలో వాళ్ళ అవశేషాలు, వాటితో పాటు ఒక ప్రైమస్ దొరికాయి. 33 ఏళ్ళు మంచులో ఉన్న ఆ స్టవ్ మళ్ళీ వెలిగింది. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నాను.

సేకరించేవాళ్ళలో కొందరు స్టవ్‌ను ఎన్నడూ అంటించరు. రంగు చెదరకూడదు, పెట్టె నలగకూడదు. వాళ్ళతో నేను ఏకీభవించలేను. ఎముకలు కొరికే చలిలో ఎవడో ఒకడు తనంతట తాను విప్పి, తుడిచి, బిగించుకుని వేడినీళ్ళు కాచుకోవాలని చేసిన వస్తువు ఇది. అది చెయ్యకపోతే దాని సంగతి మనకు తెలిసినట్టు కాదు. జర్మన్ల ఎస్‌బిట్ కూడా నా దగ్గర ఉంది, 1936 నాటి ఆలోచన. మడతరేకు మధ్యలో తెల్లబిళ్ళ పెట్టి అంటిస్తే చాలు. గొప్ప తెలివే. కానీ దానికి వాషరు లేదు, పంపు లేదు, చప్పుడు లేదు. దాన్ని తరచు తియ్యను.

పంపు స్టవ్ తలపుకొస్తే భయమూ వెంట వస్తుంది. స్టవ్ పేలి గృహిణి మృతి అన్న వార్తలు చదువుతూ పెరిగినవాళ్ళం. వాటిలో కొన్నింటి వెనక ఉన్నది స్టవ్ కాదనీ, కట్నమనీ పెద్దయ్యాక అర్థమైంది. ఆ ఆడవాళ్ళను మరిచిపోయి దీన్ని ఉత్త ముచ్చటగా చూడలేను. అందుకే ఇంట్లో వెలిగించను. వేడిగా ఉండగా నూనె పొయ్యను. ట్యాంకు అతుకులు చూసుకోకుండా పంపు ముట్టను.

పోయిన నెల ప్రైమస్ 96 ఒకటి దొరికింది. కాళ్ళు ఊడదీసి, బర్నరు విప్పి, రేకుడబ్బాలో సర్దుకునే చిన్న ఇత్తడి స్టవ్. కిరసనాయిలుది. గిన్నెలో స్పిరిటు పోసి అంటించాలి, అది ఆరిపోయే ముందు పంపు కొట్టాలి. తొందరపడితే పచ్చమంట ఎగదన్నుతుంది, ఆలస్యమైతే అంతా మళ్ళీ మొదలు. ఆ అదను అమ్మ కంటితో కాదు, చెవితో పట్టేది. స్టవ్ వైపు వీపు పెట్టుకుని చిక్కుడుకాయలు ఒలుస్తూనే, ఇంక కొట్టు అనేది నాతో.

వెలిగించి అమ్మకు ఫోన్ చేశాను. ఏమీ చెప్పకుండా ఫోను స్టవ్ దగ్గర పెట్టాను. అటునుంచి కాసేపు మాటలేదు.

“బుస తెగుతోందిరా. కన్నంలో ఏదో అడ్డం పడింది. పిన్ను పెట్టు” అంది.

పిన్ను పెట్టాను. చప్పుడు ఒక్కతీరున సాగింది.

“ఆఁ. ఇప్పుడు టీ పడెయ్” అంది.