స్థాలీపులాకన్యాయమూ, లారీల లెక్కలూ

అన్నం ఉడికినదో లేదో తెలుసుకొనడానికి కుండలోని మెతుకులన్నిటినీ నొక్కి చూడనక్కరలేదు. ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునంటారు. దీనికే మన శాస్త్రకారులు స్థాలీపులాకన్యాయమని పేరు పెట్టారు. స్థాలి అంటే కుండ, పులాకం అంటే మెతుకు. కాకతాళీయం, అజాగళస్తనం, అంధగజం మొదలైన న్యాయాలు ఎన్ని ఉన్నా, వంటయింటిలోనూ తర్కశాలలోనూ ఒక్క తీరున పనికివచ్చే న్యాయం ఇది.

తరగతిలో ఈ న్యాయాన్ని వివరిస్తూ ఉండగా ఒకసారి వెనుక బల్ల కుర్రవాడొకడు లేచి, "మాస్టారూ, అడుగున మాడి, పైన పలుకుగా ఉంటే ఏ మెతుకు పట్టి చూడాలండీ?" అని అడిగాడు. తరగతి ఘొల్లున నవ్వింది. కాని అది నవ్వి విడువదగిన ప్రశ్న కాదు. ఒక్క మెతుకు సాక్ష్యం చెల్లాలంటే కుండ ఒక్కటే కావాలి, మంట సమంగా తగలాలి, మధ్యమధ్య గరిటె తిరగాలి. ఆ నియమాలు లేనిచోట మెతుకు తన సంగతి మాత్రమే చెబుతుంది, కుండ సంగతి చెప్పదు. నేటి గణాంకశాస్త్రంలో పెద్ద భాగం ఆ కుర్రవాడి ప్రశ్నకు సమాధానమే.

ఈ ఉపోద్ఘాతం ఎందుకంటే, కొంతకాలంగా నేను సరుకుల రవాణా లెక్కలు చదువుతున్నాను. ఏ సరుకు, ఎంత, ఏ దారిన పోతున్నదని చెప్పే అంచనాలలో వేటిని ఎంతవరకు నమ్మవచ్చునన్నది నా విచారం. తెలుగు పండితునికి ఈ లారీల గొడవ ఎందుకని మిత్రులు అడుగవచ్చు. పల్నాటివాడికి ఇది తప్పని గొడవ. మా సీమ బ్రతుకంతా బయటికి వెళ్ళే బరువులో ఉన్నది. మాచర్లలో 1958 నుండి సిమెంటు తయారవుతున్నది. పిడుగురాళ్ళ సున్నానికి పెట్టింది పేరు. నాపరాళ్ళు, పత్తి సరేసరి. ఇక మిరప సంగతి చెప్పనే అక్కరలేదు. ఊరూరా పండి, గుంటూరు పేరు పెట్టుకొని ప్రపంచమంతా తిరుగుతుంది.

2025 ఆరంభంలో మిరప ధర పడిపోయినప్పుడు, మిరప సాగు చేసే మా మేనల్లుడు ఒక మాట అన్నాడు: "మామయ్యా, ఎంత పండిందన్నది ఎవరూ చూడలేదు. ఎంత వస్తుందని అనుకొన్నారో దాన్నిబట్టి ధర కట్టారు." ఆ ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వం మార్కెట్ జోక్య పథకం క్రింద క్వింటాలుకు 11,781 రూపాయల ధర నిర్ణయించి, 2.91 లక్షల టన్నుల వరకు దానిని వర్తింపజేసింది. ఆ పథకంలో ఒక పంటకు వర్తించే పరిమాణం ఆ పంట దిగుబడిలో 25 శాతానికి మించరాదని నియమం. దిగుబడి ఎంతో చెప్పేది అంచనాయే. ఆ అంచనా నూటికి పది తగ్గితే, పథకంలోకి వచ్చే సరుకు 29 వేల టన్నులు తగ్గుతుంది. టిక్కీ 43 కిలోలనుకొంటే 6 లక్షల 75 వేల టిక్కీలకు పైమాటే. పంట అంచనా, యార్డుకు వచ్చిన సరుకు అంచనా, బయటికి వెళ్ళిన సరుకు అంచనా - ఈ మూడూ ఒకదాని భుజం మీద ఒకటి చేయి వేసి నడుస్తాయి. ఒకటి తూలితే మిగిలినవీ తూలుతాయి.

రవాణా లెక్కలలో రెండు జాతులు ఉన్నాయి. లెక్కించి చెప్పేవి ఒక జాతి, ఊహించి చెప్పేవి ఇంకొక జాతి. గూడ్సు రైలులో సిమెంటు పోయిందంటే నలభైకి పైబడిన పెట్టెలు, ఒకే సరుకు, ఒకే తయారీదారు, బస్తాకు 50 కిలోలు, చేతిలో రైల్వే రసీదు. ఇక్కడ ఊహకు చోటు తక్కువ. కలకత్తాలోని వాణిజ్య సమాచార, గణాంకాల డైరెక్టరేట్ జనరల్ వారు రాష్ట్రాల మధ్య సరుకుల కదలికల మీద ప్రచురించే గ్రంథాలలో రైలు, నది, విమానం మార్గాల లెక్కలు సరుకుల వారీగా ఉంటాయి. రోడ్డు లేదు! మన మిరప, మన పత్తి, మన నాపరాయి అధికంగా పోయేది ఆ లేని దారినే. రోడ్డు సరుకు ఎంతో తెలియాలంటే ఎక్కడో ఒకచోట నిలబడి కొన్ని లారీలను ఆపి అడిగి, దానినిబట్టి మొత్తాన్ని ఊహించాలి. అంటే మళ్ళీ మెతుకు పట్టి చూడడమే.

ఆ పని ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ కల్పించి చూద్దాం. పిడుగురాళ్ళ దగ్గర ఏ పక్షపాతమూ లేకుండా 100 లారీలను ఎంచి ఆపామనుకొందాం. వాటిలో 60 సిమెంటువి, 4 మిరపవి, మిగిలినవి తక్కిన సరుకులవి. సిమెంటు లారీల వాటా నూటికి 60 అన్న అంచనాలో స్వభావసిద్ధంగా ఉండే దోషం ఆ అంచనాలో సుమారు 8 శాతం. మిరప వాటా నూటికి 4 అన్న అంచనాలో దోషం సుమారు 49 శాతం! ఒకే రోజు, ఒకే చోట, ఒకే మనుషులు, ఒకే శ్రద్ధతో వ్రాసిన కాగితం మీద ఒక అంకె రాయివంటిది, దాని ప్రక్క అంకె పొగవంటిది. చూపుకు రెండూ అంకెలే. 100కు బదులు 400 లారీలను ఆపితే మిరప దోషం సగానికి, అంటే 24, 25 శాతానికి దిగుతుంది. నాలుగు రెట్ల శ్రమకు ఫలితం అంతే.

మొత్తం మీద ఇన్ని టన్నులు పోయాయన్న అంకె అంత చెడ్డది కాదు. ఒక సరుకులో ఎక్కువ చెప్పినది ఇంకొక సరుకులో తక్కువ చెప్పినదానితో కొంత సరిపోతుంది. సరుకుల వారీగా విడదీయగానే ఆ ఊరట పోతుంది. సుంకాల వర్గీకరణ పట్టికను అమరకోశంలోని వర్గాలను చూసినట్లు చూస్తే ఇది బోధపడుతుంది. అందులో 25వ అధ్యాయంలో ఉప్పు, గంధకం, రాళ్ళు, సున్నం, సిమెంటు అన్నీ ఉన్నాయి. దానిలో 2522 సున్నం, 2523 సిమెంటు. 9వ అధ్యాయంలో కాఫీ, తేయాకు, సుగంధద్రవ్యాలు. అందులో 0904లో మిరియాలతోపాటు మన ఎండుమిరప. అధ్యాయం నుండి పద్దుకు, పద్దు నుండి ఉపపద్దుకు దిగేకొద్దీ సరుకు పేరు స్పష్టమవుతుంది, అంకె అస్పష్టమవుతుంది. తేజ రకం ఎంత, బాడిగ ఎంత, తాలు ఎంత అని అడిగామా, ఇక చేతిలో మిగిలేది నాలుగైదు మెతుకులే.

నమూనా చిన్నదగుట ఒక్కటే దోషం కాదు. సరుకు స్వభావం కూడా ఉన్నది. సిమెంటు ఏడాది పొడుగునా కదులుతుంది. మిరప కోతల తరువాత కొద్ది నెలలు వెల్లువగా వస్తుంది. వర్షాకాలంలో ఒక వారం చూసి ఏడాదికి హెచ్చవేస్తే మిరప లేదనిపిస్తుంది; మార్చిలో చూస్తే లోకమంతా మిరపే అనిపిస్తుంది. మరొకటి - టిక్కీ తూకం కాదు, సంచి. నలభై కిలోలూ ఉండవచ్చు, నలభై అయిదూ ఉండవచ్చు. యార్డుకు ఇన్ని టిక్కీలు వచ్చాయని పత్రికలలో చదివి దానిని టన్నులు చేసేటప్పుడే నూటికి పన్నెండు తేడాకు అవకాశం ఉన్నది. పత్తి ఇంకొక తమాషా. మిల్లులో నొక్కిన బేలుకు 170 కిలోలని ప్రమాణం ఉన్నది. విడిపత్తిని బోరాలలో కుక్కి తోలేటప్పుడు లారీ నిండుతుంది కాని బరువు తూగదు. సగటు లారీకి ఇన్ని టన్నులని ఒకే లెక్క వేసేవాడు పత్తిని పెంచి, సున్నపురాయిని తగ్గించి చెబుతాడు. పైగా 2018 జూలైలో లారీలు మోయదగిన బరువు పరిమితినే కేంద్రప్రభుత్వం పెంచింది. అంతకు పూర్వపు సగటులు నాటితోనే పాతబడినాయి.

ఒకే కాయను పలుమార్లు లెక్కపెట్టడం మరొక చిక్కు. కళ్ళం నుండి శీతల గిడ్డంగికి, అక్కడినుండి యార్డుకు, యార్డు నుండి పొడి మిల్లుకో ఓడరేవుకో - మూడు ప్రయాణాలు. రవాణా లెక్కలో అది మూడు టన్నులు, పంట లెక్కలో ఒక టన్ను. రెండూ సత్యాలే, ఒకదానిని ఇంకొకటిగా చదివితేనే అనర్థం.

ఊహించినవి సరే, తూచి ప్రకటించినవి కూడా పరీక్షకు నిలబడవలసిందే. 2020 జూలైలో గుంటూరు ప్రక్కనున్న రెడ్డిపాలెం నుండి బంగ్లాదేశ్‌లోని బేనాపోల్‌కు ఎండుమిరపతో ప్రత్యేక పార్శిలు రైలు వెళ్ళింది. మనందరికీ గర్వకారణమైన ఘట్టమది. అప్పటి ప్రభుత్వ ప్రకటనలో 16 పెట్టెలనీ, పెట్టెకు 466 సంచులనీ, ఆ పెట్టె బరువు సుమారు 19.9 టన్నులనీ, మొత్తం సుమారు 384 టన్నులనీ ఉన్నది. చదువరులు పెన్సిలు తీసుకొనండి. 19.9ని 16తో గుణిస్తే 318.4. ప్రకటించిన మొత్తానికి 65 టన్నులకు పైగా తేడా. ఏది సరియైనది? సంచులే సాక్ష్యం చెబుతాయి. 19.9 టన్నులకు 466 సంచులంటే సంచికి 42.7 కిలోలు, మనమెరిగిన టిక్కీయే. 384 టన్నుల లెక్కన సంచికి 51.5 కిలోలు పడుతుంది, అది మనమెరిగిన టిక్కీ కాదు. 384ను 16తో భాగిస్తే సరిగ్గా 24 వస్తుంది. పెట్టె మోయగల బరువును మోసిన బరువుగా వ్రాశారేమోనని నా ఊహ. ఒక సరుకు, ఒక రైలు, ఒక రోజు - దానిలోనే నూటికి ఇరవై తేడా వచ్చినప్పుడు, ఏడాది పొడుగునా వేయి దారుల పోయే సరుకుకు దశాంశ బిందువుతో అంకె వ్రాసి ఇస్తే సంకోచించకుండా ఎలా తీసుకొనగలం?

గీతలు మారినా అంకెలు మారుతాయి. పొందుగుల దగ్గర కృష్ణ దాటి వాడపల్లి చేరే సరుకు 2014 జూన్ 1వ తేదీన ఒకే రాష్ట్రంలోని సరుకు. మరునాటి నుండి అది అంతర్రాష్ట్ర రవాణా. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడినది. అంతకు ముందు మా మిరప అంతా గుంటూరు జిల్లా పద్దు. లారీ ఒక్కటీ పెరగకుండానే ఒక పద్దు పెరిగి ఇంకొకటి తరుగుతుంది.

అమెరికా వారు ఈ చిక్కును ఎదుర్కొన్న తీరు తెలుసుకొనదగినది. అక్కడ జనగణన శాఖ, రవాణా గణాంకాల శాఖ కలిసి అయిదేళ్ళకొకసారి సరుకుల ప్రవాహ సర్వే జరుపుతాయి. 2017లో లక్షకు పైగా సంస్థలను ఎంచి, మూడు నెలలకొక వారం చొప్పున అవి పంపిన సరుకుల వివరాలు అడిగారు. నన్ను ఆకర్షించినది ఆ సంఖ్య కాదు. సరుకుల వారీగా ఇచ్చిన అంచనాలకు తోడుగా దానిలో ఎంత దోషానికి అవకాశమున్నదో చెప్పే విచలన గుణకాన్ని కూడా ప్రచురిస్తారు. అది 50 శాతం దాటితే అంకె వేయరు. ఆ గడిలో ఎస్ అన్న ఒక అక్షరం ఉంచి ఊరుకొంటారు. ఇందాక మనం ఆపిన నాలుగు మిరప లారీల అంచనా ఆ గీతకు ఒక్క శాతం ఇవతల నిలుస్తుంది! అయితే పొలం నుండి తొలి మజిలీకి పోయే సరుకు వారి సర్వేలోనూ చేరదు. కళ్ళం దగ్గరి లెక్క అందరికీ కష్టమే.

మనకూ ఒక సాధనం వచ్చినది. 2018 ఏప్రిల్ 1 నుండి రాష్ట్రాల మధ్య, 15 నుండి మన రాష్ట్రంలోపల, 50 వేల రూపాయలు దాటిన సరుకుకు ఈ-వే బిల్లు ఉండాలి. సరుకు పద్దు, పరిమాణం, విలువ, బయలుదేరిన చోటు, చేరే చోటు అన్నీ అందులో ఉంటాయి. సిమెంటుకు ఇది చాలావరకు నిండు లెక్క. రైతు తన కాయను తానే యార్డుకు తోలుకొనిపోయే తొలి అంచె మాత్రం సాధారణంగా దానిలోకి రాదు; పన్ను మినహాయింపు ఉన్న సరుకులకూ అది అక్కరలేదు. అంటే, బాగా తెలిసినది ఇంకా బాగా తెలుస్తుంది, తెలియనిది తెలియకుండానే ఉంటుంది. ఈ తారతమ్యాన్ని మరచి రెంటినీ ఒకే పట్టికలో ప్రక్కప్రక్కన వేస్తే, సిమెంటుకున్న గౌరవం ఊరకే మిరపకూ అంటుకొంటుంది.

అంచనాకు హద్దున్నదని శాస్త్రబద్ధంగా నిరూపించినవారిలో ఒకరు మన తెలుగువారే. కల్యంపూడి రాధాకృష్ణారావు గారు, సి.ఆర్.రావు గారని లోకమెరిగిన మహనీయులు, బాల్యంలో కొంత చదువు మాకు కృష్ణ ఆవలి ఒడ్డుననున్న నందిగామలో చదివారు. ఉన్న సమాచారంతో ఎంత నేర్పుగా అంచనా వేసినా దోషం ఒక మేరకన్న తగ్గదని చెప్పే సిద్ధాంతాన్ని 1945లో ప్రకటించారు; అది నేటికీ క్రామర్, రావుల పేరిట చెలామణి అవుతున్నది. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి అందుకొని, ఆ ఆగస్టులోనే కన్నుమూశారు. నేర్పు కొద్దీ సత్యం దొరుకుతుందని కాదు, సమాచారం కొద్దీ దొరుకుతుందని ఆ సిద్ధాంతం నాకు చెప్పిన పాఠం.

మన భాషకు ఈ సంగతి ముందే తెలుసు. నరసరావుపేట సంతలో ఎవరినైనా అడగండి. "ఇరవై ముప్పై టిక్కీలుంటాయి", "పది పన్నెండు లారీలు పోయినాయి", "వంద పైచిలుకు" అంటారు. రెండంకెలు జంటగా పలకడంలోనే ఎంత తెలుసో, ఎంత తెలియదో రెండూ ఉన్నాయి. ఇంచుమించు, దాదాపు, ఉజ్జాయింపు, అటూఇటూ - ఇన్ని మాటలు మన నోట ఊరకే పుట్టలేదు. పల్లెటూరివాడు ఇరవై ముప్పై అన్నదానిని కార్యాలయం 25.3 అని వ్రాసుకొన్నప్పుడు, తుడిచివేసినది వాడి అజ్ఞానాన్ని కాదు, వాడి నిజాయితీని.

కనుక ప్రభుత్వాల వారికి నా మనవి ఒక్కటే. సరుకుల లెక్కలు వేసేటప్పుడు ప్రతి అంకె ప్రక్కన అది ఎటు ఎంత ఒరగవచ్చునో ఒక చిన్న గడిలో వేయండి. ఒరుగు మరీ ఎక్కువైనచోట గడి ఖాళీగా ఉంచండి. ఖాళీ గడిని చూసిన రైతు కాయ అమ్మాలా, గిడ్డంగిలో పెట్టాలా అని ఒకసారి ఆగి ఆలోచిస్తాడు. తప్పు అంకెను చూసినవాడు ఆలోచించడు; అమ్మివేస్తాడు.

స్వస్తి.