ఆగడం తెలిసిన కరెంటు

మన ఊళ్లలో రేడియేషన్ అనే మాట పెద్దగా వినపడదు. ‘కరెంటు పెట్టారు’ అంటారు. ‘ఆపరేషన్ అయింది, ఇరవై కరెంట్లు పెట్టారు, ఇప్పుడు బాగానే తిరుగుతున్నాడు’ అని చెప్పుకుంటారు. ఆ కరెంటులోనూ రకాలున్నాయనీ, ఏ రకం పెట్టించుకోవాలో తేల్చుకోవడానికి ఒక్కోసారి పొలం లెక్కలు వేసుకోవాల్సి వస్తుందనీ మా ఇంట్లో తెలిసింది కిందటేడాదే.

మా బాబాయ్‌కి 68 ఏళ్లు. తెనాలి పక్కన పల్లెటూళ్లో ఉంటారు. టీచరుగా రిటైరయ్యారు. ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ అని తేలింది. అదృష్టం, గ్రంథి దాటి బయటికి పాకలేదు. కరెంటు పెడితే సరిపోతుందన్నారు డాక్టరు. ఆ రాత్రే న్యూజెర్సీ నుంచి బాబాయ్ కొడుకు ఫోను. ‘అక్కా, నాన్నకి మామూలు రేడియేషన్ వద్దు. ఇక్కడ అందరూ ప్రోటాన్ అంటున్నారు. చెన్నైలో కూడా ఉంది. అదే ఇప్పిద్దాం’.

ఖర్చు మామూలు రేడియేషన్‌కి ఎన్నో రెట్లు. లోను తీసి పంపుతానన్నాడు తమ్ముడు. కొడుకు నెత్తిన అప్పు పెట్టడం బాబాయ్‌కి ఇష్టంలేదు. కాలవ కింద ఎకరన్నర మాగాణి అమ్మేస్తే సరిపోతుందని పిన్నితో అన్నారట. పిన్ని భయపడిపోయి నాకు ఫోన్ చేసింది. ‘పేపర్లో పనిచేస్తావు కదే అమ్మాయ్, అది నిజంగా అంత గొప్పదా? కాస్త కనుక్కుని చెప్పు’.

సరే, కనుక్కోవడం మొదలుపెట్టాను.

మామూలు రేడియేషన్‌లో వాడేవి ఎక్స్‌రే కిరణాలు. ఒంట్లోకి దూరి, గడ్డను తాకి, అవతలి వైపు నుంచి బయటికి వెళ్లిపోతాయి. దారిలో ఉన్న ప్రతిదానికీ ఎంతో కొంత దెబ్బ తప్పదు. అందుకే రకరకాల దిక్కుల నుంచి కొద్దికొద్దిగా వేస్తూ, అన్నీ గడ్డ దగ్గర కలిసేలా చూస్తారు. ప్రోటాన్ తీరు వేరు. హైడ్రోజన్ పరమాణువు మధ్యలో ఉండే కణం అది. సైక్లోట్రాన్ అనే యంత్రంలో గిరగిరా తిప్పి, కాంతి వేగంలో సుమారు 60 శాతం దాకా వేగం పెంచి వదులుతారు. దారిలో కొంచెం కొంచెం శక్తిని ఒలికిస్తూ వెళ్లి, ఆగేచోట మిగిలిందంతా ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. అవతలికి దాదాపు ఏమీ పోదు. ఎక్స్‌రే ప్రతి ఊళ్లోనూ సరుకు దించుతూ పోయే బండి అయితే, ప్రోటాన్ ఆఖరి స్టేషన్లో బోగీలన్నీ ఖాళీచేసే గూడ్సు. ఆ ఆఖరి స్టేషన్ ఎక్కడుండాలో ముందే నిర్ణయించవచ్చు. వేగం ఎక్కువైతే లోతుకు పోతుంది, తగ్గిస్తే పైపైనే ఆగుతుంది.

దీన్ని వైద్యానికి వాడొచ్చని మొదట రాసినాయన రాబర్ట్ విల్సన్. అమెరికా భౌతిక శాస్త్రవేత్త. యుద్ధకాలంలో లాస్ అలమోస్‌లో అణుబాంబు తయారుచేసిన బృందంలో ఉన్నాడు. హిరోషిమా మీద బాంబు పడిన మరుసటేడు, 1946లో, ప్రోటాన్లతో గడ్డల్ని కొట్టవచ్చంటూ వ్యాసం ప్రచురించాడు. 1954లో బర్క్‌లీలో మొదటి రోగికి ఈ చికిత్స చేశారు. భౌతికశాస్త్ర ప్రయోగశాలల నుంచి ఇది ఆస్పత్రి ఆవరణలోకి రావడానికి మాత్రం 1990 దాకా పట్టింది. అది కాలిఫోర్నియాలోని లోమా లిండాలో. మన దేశానికొస్తే, 2019లో చెన్నైలోని అపోలో కేంద్రం ప్రారంభమైంది. 2023లో నవీ ముంబయి దగ్గర ఖర్ఘర్‌లో టాటా మెమోరియల్ వారి కేంద్రంలోనూ మొదలైంది.

మరి అంత ఖరీదెందుకు? యంత్రమే అలాంటిది. సైక్లోట్రాన్ బరువు వందల టన్నులు ఉంటుంది. రోగి చుట్టూ కిరణాన్ని తిప్పే చట్రం మూడంతస్తుల ఎత్తు. చుట్టూ మీటర్ల మందాన కాంక్రీటు గోడలు.

ఇదంతా చదివాక నాకూ తమ్ముడి మాటే సబబనిపించింది. బాబాయ్‌ని తీసుకుని మరో రేడియేషన్ డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను, ప్రింటవుట్లతో సహా. ఆయన వాటిని పక్కనపెట్టి కాగితం మీద బొమ్మ గీశారు. ‘ప్రోటాన్ గొప్పదా కాదా అని అడక్కూడదమ్మా. గడ్డ వెనక ఏముంది అని అడగాలి. వెనకున్న దాన్ని మామూలు కిరణాలతో కాపాడలేమనుకున్నప్పుడే దానికి పెట్టే డబ్బుకి విలువ’ అన్నారు.

ప్రోస్టేట్‌ని ఆనుకునే పైన మూత్రాశయం, వెనక మలాశయం ఉంటాయి. ఏ కిరణం వాడినా వాటి అంచుకి కొంత తగులుతుంది. పైగా ఎక్స్‌రే యంత్రాలు కూడా పాతవి కావిప్పుడు. గడ్డ ఆకారానికి తగ్గట్టు కిరణాన్ని మలిచే ఐఎంఆర్‌టీ చాలాచోట్ల ఉంది. అమెరికాలో ఈ క్యాన్సర్ ఉన్న 450 మంది మగవాళ్లను రెండు జట్లుగా విడదీసి, ఒకరికి ప్రోటాన్, ఒకరికి ఐఎంఆర్‌టీ ఇచ్చి చూశారు. ఫలితాలు 2024లో వెల్లడయ్యాయి. జబ్బు అదుపులోగానీ మలవిసర్జన ఇబ్బందుల్లోగానీ తేడా కనపడలేదు.

‘మీకు ఇక్కడే నాలుగు వారాలు, ఇరవై సిట్టింగులు. చాలు’ అన్నారు డాక్టరుగారు.

బాబాయ్ ఒప్పుకున్నారు. తమ్ముడే ఒప్పుకోలేదు. ‘డబ్బుకి చూసుకుని తగ్గుతున్నారు కదూ’ అని ఫోన్లో ఏడ్చాడు. దూరాన ఉన్న కొడుక్కి నాన్న పక్కన కూర్చునే వీలులేదు. చేయగలిగింది ఖర్చొక్కటే. అదీ వద్దంటే ఏం చేస్తాడు? బాబాయ్ ఫోన్ అందుకుని, ‘చవకని కాదురా, సరిపోతుందని తీసుకుంటున్నా. నువ్వు ఆ డబ్బుతో ఒకసారి వచ్చి వెళ్లు’ అన్నారు. మూడో వారంలో వాడొచ్చాడు. మిగిలిన సిట్టింగులన్నింటికీ వాడే తీసుకెళ్లాడు.

ఆ వారాల్లోనే వెయిటింగ్ హాల్లో ఒక కుటుంబం పరిచయమైంది. ఖమ్మం వైపు వాళ్లు. ఏడేళ్ల పాప. చిన్న మెదడులో మెడుల్లోబ్లాస్టోమా అనే గడ్డ. ఆపరేషన్ చేసి తీసేశారు. ఇక తలకీ, వెన్నెముక పొడవునా కరెంటు పెట్టాలి. వాళ్లకి మాత్రం ప్రోటాన్‌కి వెళ్లమని ఇదే డాక్టరుగారు స్వయంగా రాసిచ్చారు.

ఇప్పుడు ఆయన ప్రశ్నే వేసుకోండి. వెన్నెముక ముందు ఏముంది? గుండె, ఊపిరితిత్తులు, గొంతులో థైరాయిడ్, పేగులు. ఎక్స్‌రే వెనక నుంచి వేస్తే వీటన్నింటిలోంచీ వెళ్తుంది. ప్రోటాన్ వెన్నుపూస దగ్గరే ఆగిపోతుంది. పాప ఇంకా ఎదగాలి, చదవాలి, అరవై డెబ్భై ఏళ్లు బతకాలి. ఈ గడ్డ విషయంలో జబ్బు నయమయ్యే అవకాశం రెండు పద్ధతుల్లోనూ ఇంచుమించు ఒకటే. తేడా ఆ తర్వాతి బతుకులో వస్తుంది. ఇదే జబ్బు వచ్చిన పిల్లల మీద 2020లో వెలువడిన ఒక అధ్యయనంలో, ప్రోటాన్ తీసుకున్నవాళ్ల తెలివితేటల స్కోర్లు మెరుగ్గా ఉన్నాయి.

పాప తండ్రి ట్రాక్టరు అమ్మేశాడు. తల్లి మెడలో పసుపుతాడే మిగిలింది. బంధువులు తలా కొంత వేశారు. వెళ్లారు. ఆరు వారాలు అక్కడే ఉన్నారు. వాళ్లని ఎవరూ ‘అంత ఖర్చెందుకు’ అనలేదు. అనకూడదు కూడా.

కపాలం అడుగున వచ్చే కొన్ని గడ్డలు, కంటిలోపలి మెలనోమా, ఒకసారి కరెంటు పెట్టిన చోటే మళ్లీ పెట్టాల్సి రావడం... ఇలాంటివాటిలోనూ ప్రోటాన్ మాట డాక్టర్ల నోట ముందుగా వస్తుంది. మిగతావాటిలో ఒక్కో జబ్బుకీ ఒక్కో లెక్క.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ మాట వినిపిస్తే, పొలం బేరం పెట్టకముందే డాక్టరుగారిని నాలుగు మాటలు అడగండి. గడ్డ పక్కన, వెనక ఏమున్నాయి? మామూలు కిరణాలతో వాటికి ఎంత దెబ్బ? ప్రోటాన్‌తో అది ఎంత తగ్గుతుంది? డబ్బు సర్దుకునేదాకా ఆగితే నష్టమేమైనా ఉందా? జవాబు ‘వెళ్లండి’ అయితే ట్రాక్టరైనా అమ్మాల్సిందే. ‘అక్కర్లేదు’ అయితే, దగ్గర్లో దొరికే వైద్యం చేయిస్తే మనవాళ్లకి ఏదో తక్కువ చేశామని బాధపడక్కర్లేదు.