మార్పునకు చోటు

చోడవరపు ప్రాంతమున చెఱకు తోట లేని యూరరుదు. మా తండ్రిగారికి పొలము గట్టున నొక గానుగపాక యుండెడిది. అందు గుంజలును కప్పును మాత్రమే స్థిరములు. పంట కొలదిని బట్టి పొయ్యిని ఏటేట వేఱొక చోట త్రవ్వుదురు. గాలివాటమును బట్టి తడికలను విప్పి మరల గట్టుదురు. “గోడలు పెట్టింపరాదా?” యని చిన్ననాట మేమడుగగా, “వచ్చు నేటి పంట యెంతయో యిప్పుడే యెవరెరుగుదురు, నాయనా?” యని వారు నవ్విరి. ఆ మాట మాకర్థమగుటకు ఇరువది యేండ్లు పట్టినది.

ఈ పాఠశాల విడిచి గృహనిర్మాణ శాస్త్రము నభ్యసించిన పిదప, హైదరాబాదు చెంత నొక పరిశోధనాలయమునకు పటము వ్రాయు పని మాకు లభించెను. ఆ నగరమునకు ఉత్తరమున, 1999వ సంవత్సరమున ప్రారంభమైన జీనోమ్ వ్యాలీలో మందులను, టీకాలను గూర్చి పరిశోధించు కంపెనీలు పెక్కు గలవు. మా కట్టడమున మొదట అద్దెకు దిగినవారు రసాయన శాస్త్రజ్ఞులు. వారు కోరినట్లే ఇటుక గోడలతో గదులు విభజించి, గొట్టములన్నియు గోడలలో పూడ్పించి, పని మిగుల చక్కగా నున్నదని గర్వించితిమి.

మూడేండ్లకు వారు వెడలిపోయి, జీవకణములను పెంచువారు వచ్చిరి. రసాయనశాలలో విషవాయువులు వెలికి పొక్కకుండ గాలిని లోనికి లాగి, కప్పుమీదికి పంపవలెను. కణములను పెంచు గదిలోనికి వడగట్టిన గాలిని నింపి, వెలుపలి ధూళి చొరకుండ జూడవలెను. ఒకదాని మార్గము రెండవదానికి పనికిరాదు. గోడలు పగులగొట్టక గతి లేకపోయెను. నాలుగు మాసములు పరిశోధన నిలిచిపోయినది. తప్పు మాదే.

సిగ్గుపడి పెద్దల కట్టడములను పరిశీలింపసాగితిమి. పోలియో టీకాను కనుగొనిన జోనాస్ సాల్క్ కొఱకు లూయీ కాన్ అను గృహశిల్పి కాలిఫోర్నియాలోని లా హోయాలో నిర్మించిన పరిశోధనాలయము 1965లో పూర్తియైనది. అందలి ప్రయోగశాలల నడుమ స్తంభమొక్కటియు లేదు. ప్రతి ప్రయోగశాలకు పైన సుమారు 9 అడుగుల యెత్తున, గొట్టములకే ప్రత్యేకముగా నొక అంతస్తు కలదు. పనివారు అచ్చట నడచుచు గొట్టములను మార్చుచుండగా, క్రింద శాస్త్రజ్ఞుని పని యాగదు.

అంత వ్యయము మాకు శక్యము కాదు. అయినను మా రెండవ పటమున స్తంభములను దూరదూరముగ నిలిపితిమి. గదులన్నిటికి నొకే కొలత, రెండు బల్లల వరుసలును నడుమ దారియు పట్టునట్లు సుమారు 11 అడుగులు, నిర్ణయించితిమి. గోడలకు బదులు విప్పదగిన పలకలమర్చి, గొట్టములను నడవ కప్పు క్రింద కనబడునట్లే విడిచితిమి. కప్పుమీదికి కొన్ని ఖాళీ మార్గములనుంచితిమి. “ఖాళీకి ఇంత సొమ్మేల?” యని యజమాని యడిగెను. మేము గానుగపాక సంగతి చెప్పితిమి. ఆయన కొంత తడవాలోచించి, పటముపై సంతకము చేసెను.

ఆ పాక నేడు లేదు. మా తండ్రిగారును లేరు. విద్యార్థులారా! మీలో నెవరైన నొకనాడు అట్టి మందిరమున క్రొత్త మందు కనుగొనవచ్చును. మీకేమి కావలయునో మేము ముందుగా నెరుగము. కావుననే మీకు కొంత చోటు విడిచి కట్టుచున్నాము.