దేవుడితో తగువు

శ్రీకాకుళం అనగానే అందరి మనసూ ఉత్తరాంధ్రకు పోతుంది. కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలో, ఏటి ఒడ్డున ఇంకో శ్రీకాకుళం ఉంది. అక్కడి వేలుపు ఆంధ్ర మహావిష్ణువు. కృష్ణదేవరాయలకు కలలో కనిపించి ‘ఆముక్తమాల్యద’ రాయమన్నది ఈ స్వామే. అంతటివాడికీ ఒకప్పుడు గడ్డురోజులొచ్చాయి. ధూపదీపాలు ఆగిపోయి, గుడి పాడుబడిందట.

రెండు వందల ఏళ్ల పైమాట. దివిసీమ పెదప్రోలుకు చెందిన కాసుల పురుషోత్తమ కవి అది చూసి కన్నీళ్లు పెట్టుకుని ఊరుకోలేదు, తగువుకు దిగాడు. నూట ఎనిమిది సీస పద్యాల ‘ఆంధ్రనాయక శతకం’ నిండా దెప్పిపొడుపులే. భూభారమంతా మోసేది భూదేవి, పేరు నీకు. అడిగినవి ఇచ్చేది లక్ష్మి, ఘనత నీకు. సృష్టి చేసేది కొడుకు బ్రహ్మ, పాపాలు కడిగేది కూతురు గంగ. ఆలుబిడ్డల పుణ్యమా అని నెగ్గుకొస్తున్నావు గానీ నీ సొంతానికి ఏముందయ్యా అని ఒక పద్యంలో నిలదీస్తాడు. పనిచేయని అల్లుణ్ణి అత్తగారు కూడా ఇంతలా దులపదు! శతకం విన్నాక చల్లపల్లి జమీందారు గుడి బాగుచేయించి నిత్యపూజలు మళ్లీ పెట్టించారని చెప్పుకుంటారు.

ఈ చనువు కవికి ఆ నేల ఇచ్చిందే కావచ్చు. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలితే, ఆ పాయల నడుమ మిగిలిన లంక దివిసీమ. మూడో వైపు సముద్రం. 1864 నవంబరు 1న ఆ సముద్రమే బందరు మీదికి వచ్చి దాదాపు 30 వేల మందిని మింగింది. 1977 నవంబరు 19, శనివారం దివిసీమ వంతు. అధికారుల లెక్కలోనే చనిపోయినవారు పదివేల దాకా. తాటిచెట్టును కావిలించుకుని తెల్లవార్లూ వేలాడినవాళ్లు బతికారు. చేయి జారినవాళ్లు పోయారు.

ఒకే చెట్టు మీద దేవుడు ఒకణ్ణి ఉంచి ఒకణ్ణి ఎందుకు వదిలాడు? గుడికెళ్లేవాళ్లూ చర్చికెళ్లేవాళ్లూ ఈ ప్రశ్న అడగకుండా ఉండలేరు. ‘అంతా మన మంచికే’ అనే ఓదార్పు ఆ ఊళ్లలో చెల్లదు, చెల్లకూడదు కూడా. పురుషోత్తమ కవి దగ్గరా జవాబు లేదు. ఆయన చేసిందల్లా ప్రశ్నను పక్కింటివాళ్లతో కాకుండా నేరుగా స్వామి మొహం మీదే అడగడం, అడిగి అక్కడే కూర్చోవడం. ఓర్పు అంటే నోరు మూసుకోవడమనుకునేవాళ్లకు ఈ పద్ధతి మింగుడుపడదు.

ఉప్పెన వచ్చింది కార్తీకంలోనే. ఏటా అదే నెలలో, పౌర్ణమినాడు, బందరు పక్కనున్న మంగినపూడి తీరానికి జనం బళ్లకొద్దీ వస్తారు. స్నానమయ్యాక చిలకలపూడి పాండురంగడి దర్శనం. ముసలివాళ్లు మనవల రెక్క గట్టిగా పట్టుకుని మోకాటి లోతు దాటరు. పసుపు కుంకుమ అలలో వదిలి, దోసెడు నీళ్లు నెత్తిన చల్లుకుంటారు. పెద్ద అల కనిపిస్తే గబుక్కున రెండడుగులు వెనక్కి వేస్తారు. అది విరిగిపోయాక, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని మళ్లీ ముందుకు.