పసుపుకుంకుమ చెక్క

గుంటూరు దగ్గర నల్లపాడు చుట్టుపక్కల నల్లరేగడిలో ఒకప్పుడు కాస్త కలిగిన ఇంటి పొలం పక్కన పసుపుకుంకుమ చెక్క ఒకటి కనపడేది. ఆడపడుచుకు పెళ్ళిలో నోటిమాటగా ఇచ్చిన అరెకరమో ఎకరమో. సాగు అన్నదమ్ములదే. కల్లంలో మిరపకాయలు ఎండి, తాలుకాయలు ఏరడం అయ్యాక, కౌలు డబ్బుతోపాటు ఓ టిక్కీ ఎర్రటి కాయలు ఆమె అత్తారింటికి బండెక్కేవి. మా మేనత్త పోయిన ఎన్నో ఏళ్ళకు కూడా అది మాకు ‘అత్త చెక్కే’.

మేనరికాలూ అలాగే ఉండేవి. పిల్లను ఇచ్చేది మేనమామకో మేనత్త కొడుక్కో. కష్టమొస్తే కబురు పొద్దుగూకేలోగా పుట్టింటికి చేరేది. ఎరగని ఊరికి పంపే ఉత్తరాదికీ, అయినవాళ్ళకే ఇచ్చే దక్షిణాదికీ ఆడపిల్లల బతుకుల్లో తేడాకు ఈ పెళ్ళిళ్ళ తీరు ఒక కారణమని 1983లో టిమ్ డైసన్, మిక్ మూర్ రాశారు. మేనరికం తగ్గడం మంచిదే, పుట్టే బిడ్డల ఆరోగ్యం కోసమైనా. దాంతోపాటు ఆ అండా పోయింది.

పాతకాలమంతా బంగారమేం కాదు. మగపిల్లాడు పుడితే మంత్రసానికి చాట నిండా జొన్నలు, ఆడపిల్లయితే చాటలో సగం. పున్నామ నరకం, తలకొరివి అంటూ కొడుకు పుట్టేదాకా కాన్పులు సాగేవి. ఆ ఆశకు బలయింది తల్లి ఒళ్ళు. తర్వాత ఇద్దరు చాలనుకున్నాం. 2005–06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సగటున తల్లికి 1.8 పిల్లలు. ఆ ఇద్దరిలో ఒకడు కొడుకు కావాల్సిందే అన్న పట్టు మాత్రం సడలలేదు. ఇటు పొలం ప్లాట్లయింది, కట్నం లక్షలు దాటింది, అటు గుంటూరులో స్కానింగ్ మిషన్లొచ్చాయి. లింగనిర్ధారణను నిషేధించే చట్టం 1994లో వచ్చి, 1996 నుంచి అమలైంది. ఇక్కడ ఆ పరీక్ష చేయబడదనే బోర్డు ప్రతి సెంటర్లోనూ ఉంటుంది. ఉమ్మడి రాష్ట్రంలో ఆరేళ్ళ వయసులోపు వెయ్యిమంది మగపిల్లలకు ఆడపిల్లలు 1991లో 975, 2001లో 961, 2011లో 939. బోర్డు వేలాడుతూనే ఉంది, లెక్క దిగుతూనే వచ్చింది.

నోటిమాట చెక్కకు బదులు కాగితం మీద హక్కు వచ్చింది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా అని ఎన్టీఆర్ ప్రభుత్వం చట్టం తెచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తింపు, అదీ అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకే. దేశమంతటికీ 2005లో వచ్చింది. కానీ రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో ఇప్పటికీ కనపడేది, నాకొద్దని రాసిచ్చి సంతకం పెట్టే అక్కచెల్లెళ్ళే. ఎదురుగా అన్న, చేతిలో కొత్త చీర కవరు.

ఆడపిల్లను పుట్టనివ్వండని గోడల మీద రాయిస్తున్న పెద్దలారా, ముందు మీ ఇంట్లో పుట్టినదాని పేరు పాస్‌పుస్తకంలో రాయించండి.