తీతువు కూత

చూడటం కూడా ఒకరు నేర్పాలా అంటారేమో మీరు. ఎదురింటి కోడలు కొత్త చీర కడితే వీధి మలుపులోనే కనిపెట్టే కళ్ళు మనవి! ఒప్పుకుంటాను. కాని పెరట్లో వాలిన పిట్ట పేరడిగితే మాత్రం "ఏదో పిట్ట" అనేస్తాం.

ఆ 'ఏదో'ని పోగొట్టాలనే కొందరు పూనుకున్నారు. 1900లో క్రిస్మస్ నాడు అమెరికాలో ఫ్రాంక్ చాప్‌మన్ అనే ఆయన, పిట్టల్ని కాల్చే పందెం మాని లెక్కపెడదాం రమ్మని పిలిస్తే వచ్చింది ఇరవై ఏడుగురు. మన మదనపల్లె దగ్గర, జిడ్డు కృష్ణమూర్తిగారి బడి ఉన్న రిషివ్యాలీని 1991లో పక్షులకు రక్షిత స్థలం చేశారు. అక్కడి పక్షుల అధ్యయన సంస్థ, ఇంట్లో కూర్చుని చదువుకునేవాళ్ళ కోసం పోస్టులో పాఠాలు పంపేది.

ఐరాలలో ఉన్న మా పెద్దక్క ఆ పాఠాలు తెప్పించుకుంది. మామగారు మంచాన పడ్డాక ఆవిడ ఊరు దాటింది లేదు. దుర్భిణీ లేదు. ఉన్నదల్లా ఒక నోటుపుస్తకం, పెన్సిలు. తారీఖు, వేళ, చోటు, ఎన్ని, ఏం చేస్తున్నాయి - ఇవి రాయాలి. పేరు తెలియకపోతే పిచ్చికంతా, గోరింకంతా, కాకంతా అన్నది రాయాలి. చూసింది రాయాలి, అనుకున్నది కాదు. వినడానికి తేలికే. రాసి చూడండి, తెలుస్తుంది!

ఆ ఏడు వైశాఖంలో రాత్రిళ్ళు ఎండిన చెరువులో తీతువు అరవడం మొదలుపెట్టింది. అత్తగారు కాణిపాకం వినాయకుడికి ముడుపు కట్టింది. మామగారు మాత్రం ఒక రాత్రి మెల్లిగా అడిగారట, "నాకేనామ్మా?" అని.

తెల్లారి పేడతట్ట దిబ్బలో పోసి, అక్క అటే నడిచింది. గులకరాళ్ళ మధ్య, గులకరాళ్ళలాగే నాలుగు గుడ్లు! కుక్కో మనిషో అటు వస్తే చాలు, తల్లి గోల పెడుతోంది. నేల మీద గుడ్లు పెట్టే పిట్టకి అరుపు తప్ప తలుపేదీ?

అక్క మంచం పక్కన కూర్చుని రాసింది చదివి వినిపించింది. "అది చావు కూత గాదు మామా, కాన్పు కూత," అంది.

ఆయన చాలా సేపు మాట్లాడలేదట. మర్నాటి నించి కాఫీ కంటే ముందు అదే ప్రశ్న - "పిల్లలు లేచినాయా?" దాదాపు నెల పట్టింది. ఆ నెలంతా ఆ ఇంట్లో తీతువు అరిస్తే ఎవరూ ఉలిక్కిపడలేదు, అత్తగారు తప్ప.

పిల్లలు బయటికొచ్చిన నాలుగో రోజు రాత్రి ఆయన నిద్రలోనే పోయారు. చెరువు వైపు ఆ రాత్రి ఒక్క కూతా లేదు.

దినాలయ్యాక నేను ఆ పుస్తకం తిరగేశాను. ఆ తారీఖు కింద వంకర టింకర అక్షరాలతో ఒకే వాక్యం: 'తీతువు అరవలేదు.'