అర మిల్లీమీటరు కూడా లేని తేడా

మొన్నామధ్య అమ్మానాన్నల్ని కార్లో సింహాచలం తీసుకెళ్ళా. అడవివరం దాటి ఘాట్ రోడ్డు ఎక్కేదాకా బండి బానే ఉంది. ఎక్కడం మొదలెట్టిన కాసేపటికే దగ్గడం మొదలెట్టింది. యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ కుదుపులు. ఇంజిన్ దీపం ఆరిపోతూ వెలుగుతూ ఉంది. వెనకాల బస్సు హారన్. అమ్మ అప్పన్నని తల్చుకుంటోంది.

నాన్న మాత్రం ఒక్కటే అడిగారు. "ఏటిరా, మొన్న ప్లగ్గులు మార్చావు కదా, గేపు చూశావా?"

చూళ్ళేదు. ఆదివారం పూట వీడియో ఒకటి చూసి నేనే మార్చా. డబ్బాలోంచి తీసి బిగించడమే కదా అనుకున్నా. దర్శనం వాయిదా వేసుకుని, మెల్లగా కొండ దిగొచ్చేశాం.

నాన్న స్టీల్‌ప్లాంటులో ఫిట్టర్‌గా రిటైరయ్యారు. ఇంజిన్ చల్లారాక పాత పెట్టెలోంచి ఫీలర్ గేజ్ తీశారు. మాన్యువల్లో 0.8 మి.మీ. అని ఉంది. నేను పెట్టిన నాలుగు ప్లగ్గుల్లోనూ 1.2. మర సరిగ్గా పట్టింది కాబట్టి సరైనవే అనుకున్నా గానీ, అవి వేరే మోడలువి. తప్పు నాదే, నంబరు సరిచూసుకోలేదు.

మరి బీచ్ రోడ్డులో రాని జబ్బు కొండమీదే ఎందుకొచ్చింది? నిప్పురవ్వ గాలిలోంచే దూకాలి. దానికి కావాల్సిన వోల్టేజీ, గాలి ఒత్తిడి మీదా, సందు మీదా ఆధారపడుతుందని జర్మన్ శాస్త్రవేత్త పాషెన్ 1889లోనే చెప్పాడు. ఎత్తెక్కేటప్పుడు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కుతాం, సిలిండర్లోకి గాలి ఎక్కువ వెళ్తుంది, ఒత్తిడి పెరుగుతుంది. దానికితోడు సందు కూడా పెద్దదైతే కాయిల్ ఇచ్చే వోల్టేజీ చాలదు. రవ్వ రాదు, బండి మిస్సింగ్ కొడుతుంది. మండని పెట్రోలు పొగగొట్టంలోకి పోయి కెటలిటిక్ కన్వర్టర్ని కాల్చేస్తుంది. దాని ఖరీదు ముందు ప్లగ్గుల ఖరీదెంత! దీపం అలా కొట్టుకుంటోందంటే అర్థం అదే.

పోనీ సందు బాగా తగ్గిస్తేనో? రవ్వ వస్తుంది గానీ చిన్నది. బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ వణుకుతుంది. ఇంకోటి, వాడుతున్నకొద్దీ ప్లగ్గు కొనలు అరిగి సందు దానంతటదే పెరుగుతుంది. అందుకే కొత్తవి పెడితే సరిపోదు, సమయానికి మార్చాలి కూడా.

స్కూటర్ల రోజుల్లో మెకానిక్కులు హాక్సా బ్లేడు దూర్చి గేపు పెట్టేవాళ్ళు. దాని మందం 0.6 మి.మీ. పైచిలుకు, ఆ బళ్ళకి ఇంచుమించు సరిపోయేది. అదే అలవాటు కార్లకీ తెస్తే కుదరదు. మా భాషలో చెప్పాలంటే, ఒక ప్రోగ్రాముకి రాసిన అంకెని ఇంకోదాంట్లో అతికించడమే. నేను చేసిందీ అంతకంటే గొప్పేం కాదు. ఇరిడియం ప్లగ్గులైతే మరీ జాగ్రత్త, మధ్య కొన బాగా సన్నం, గేజ్ తగిలినా విరగొచ్చు.

సరైన ప్లగ్గులు తెచ్చాం. ఈసారి నాలుగూ కొలిచే బిగించా. నాన్న పక్కన నిలబడి చూశారు, చెయ్యి పెట్టలేదు.

తర్వాతి ఆదివారం బండి గుక్క తిప్పుకోకుండా కొండెక్కేసింది. అమ్మ లెక్కలో అది అప్పన్న దయ. నాన్న లెక్కలో 0.4 మి.మీ. నేనెవరికీ ఎదురు చెప్పలేదు. మాన్యువల్ మాత్రం ఇప్పుడు కార్లోనే ఉంటోంది.